5 గంటల 24 నిమిషాల నగరం

మధ్య ఆసియా రాజధానులు: ఏడో భాగం

కిందటి భాగంలో అష్గాబాద్ చూశాం. 1948 అక్టోబరులో ఒక్క రాత్రిలో నేలమట్టమైన ఊరు అది. అక్కడ పోయిన ప్రాణాలు పదివేలా, లక్షకు పైనా అన్నది ఈరోజుకీ తేలలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు నిండకుండానే సోవియట్ మధ్య ఆసియాలో మరో రాజధాని కింద నేల కదిలింది. అది తాష్కెంట్. ఈ రెండు నగరాలనూ ఒకే గాటన కట్టడం మామూలైపోయింది: అదీ కూలింది, ఇదీ కూలింది, రెండూ కొత్తగా లేచాయి. అష్గాబాద్ విషయంలో ఆ మాట నిజం. తాష్కెంట్ విషయంలో సగమే నిజం. మిగతా సగం ఏమైందో తెలుసుకోవడానికి పాత దస్త్రాల గదుల్లోకి వెళ్లక్కర్లేదు. యాత్రికులను గైడ్లు ఒక పగలంతా తిప్పే దారిలోనే చాలా సాక్ష్యం ఉంది.

ఒక్క పగలే ఎందుకంటే, ఉజ్బెకిస్తాన్ చూడవచ్చినవాళ్లు తమ రోజులన్నీ సమర్కంద్‌కి, బుఖారాకి, ఖీవాకి దాచుకుంటారు. తాష్కెంట్ వాళ్లకి విమానం దిగే ఊరు, రైలెక్కే ఊరు. ఉదయం హస్త్ ఇమామ్ ప్రాంగణం, ఆ తర్వాత చోర్సూ బజారు, అక్కడినుంచి మెట్రో, మధ్యాహ్నం భూకంప స్మారకం, అమీర్ తైమూర్ తోట, స్వాతంత్ర్య మైదానం, నవాయీ నాటకశాల, పొద్దుగూకాక తాష్కెంట్ సిటీ అనే కొత్త పేటలో ఫౌంటెన్లు. దారి పొడవునా వినిపించే వివరణ ఒకటే: 1966 భూకంపంలో పాత నగరం పోయింది, అందుకే ఇక్కడ పాతవి పెద్దగా కనిపించవు. నేను చెప్పేది వేరు. భూకంపం నిజం, దాని నష్టం నిజం. కానీ ఈరోజు మనకు కనిపించకుండా పోయిన తాష్కెంట్‌లో భూమి కూల్చింది కొంతే. అంతకు ముందూ ఆ తర్వాతా కాగితం మీద గీతలు గీసి, సంతకాలు పెట్టి కూల్చింది చాలా. ఆ కూల్చివేతలన్నీ ఒక్క భూకంపం ఖాతాలో పడిపోయాయి.

ఉదయం చూసే హస్త్ ఇమామ్‌తోనే మొదలుపెడదాం. పదో శతాబ్దపు పండితుడు కఫాల్ షాషీ సమాధి, పదహారో శతాబ్దపు బరాక్ ఖాన్ మదరసా ఇక్కడే ఉన్నాయి. ఖలీఫా ఉస్మాన్ చదివినదని ముస్లింలు నమ్మే ఖురాన్ ప్రతి కూడా ఇక్కడిదే. కూఫీ లిపిలో, తోలు పుటల మీద, ఒక్కో అక్షరం దూరానికి కూడా కనపడేంత పెద్దదిగా రాసి ఉంటుంది. లిపిని పరిశీలించిన పండితులు దాన్ని ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటిదంటారు. అయినా ఆ పుస్తకం విలువ తగ్గదు. సమర్కంద్‌లో ఉన్న ఈ ప్రతిని 1869లో రష్యన్లు సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి తరలించారు. విప్లవం తర్వాత అది ఉఫాకి వెళ్లి, 1924లో తాష్కెంట్ చేరింది. ఈ ప్రాంగణంలో అన్నిటికంటే ఎత్తుగా కనిపించే జంట మీనార్ల మసీదు వయసెంత? దాన్ని 2007లో కట్టారు. పాతదీ కొత్తదీ ఒకే రంగు ఇటుకతో, ఒకే నీలి గుమ్మటాలతో పక్కపక్కన నిలబడితే దూరంనుంచి వచ్చినవాడికి తేడా తెలియదు. ఆ చుట్టుపక్కల సందుల్లో మాత్రం తేడా తెలుస్తుంది. వీధివైపు కిటికీ లేని మట్టిగోడ, ఒక చెక్క తలుపు, తలుపు తోసుకుని వెళ్తే నడుమ వాకిలి, వాకిట్లో ద్రాక్ష పందిరి, గోడ పక్కన నీళ్లు పారే సన్నటి కాలువ. ఆ కాలువను ఇక్కడివాళ్లు అరీక్ అంటారు. భూకంపంలో పాత నగరం మొత్తం పోయి ఉంటే ఈ సందులు ఉండకూడదు. ఉన్నాయి.

చోర్సూ బజారు ఆ సందులకు నడక దూరంలోనే ఉంది. అక్కడి పెద్ద గుమ్మటం 1980 నాటిది, కింద జరిగే బేరం మాత్రం శతాబ్దాలది. గుండ్రటి రొట్టెను ఇక్కడా నాన్ అనే అంటారు. తందూరు గోడకు అంటించేముందు, ముళ్లున్న చిన్న అచ్చుతో రొట్టె నడిమధ్యన పొడుస్తారు. ఆ భాగం పొంగకుండా అణిగి, పువ్వులాంటి ముద్ర పడుతుంది. ఆ అచ్చు పేరు చెకిచ్. ఈ బజారు పక్కనే కుకల్దాష్ మదరసా ఉంది, పదహారో శతాబ్దానిది. 1868 భూకంపంలో దెబ్బతింది, తర్వాత బాగు చేశారు. తాష్కెంట్ కింద నేల కదలడం 1966లో కొత్తగా మొదలైంది కాదు. కదిలిన ప్రతిసారీ ఊరు తన ఇళ్లను అతుకు వేసుకుని అక్కడే బతికింది. 1966 తర్వాత అలా జరగలేదు. ఎందుకు జరగలేదన్నదే మన ప్రశ్న.

జవాబు 1865లో మొదలవుతుంది. జనరల్ చెర్న్యాయెవ్ రెండు వేల మందికి లోపు సైన్యంతో, లక్ష జనాభా ఉన్న ఈ కోట నగరాన్ని పట్టుకున్నాడు. రెండేళ్లకు తాష్కెంట్ రష్యన్ తుర్కెస్తాన్‌కి రాజధాని అయింది, కాఫ్‌మన్ గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. అంఖోర్ కాలువకు ఇవతల రష్యన్ల కొత్త ఊరు లేచింది: ఒక తోట చుట్టూ సూర్యకిరణాల్లా విడివడే వీధులు, రెండువైపులా చెట్లు. అవతల నాలుగు పేటల పాత ఊరు. రష్యన్ ఊరు కట్టడానికి ఎవరూ పాత ఊరిని పెద్దగా కూల్చలేదు, పట్టించుకోనూ లేదు. కోట గోడ, పన్నెండు ద్వారాలు మాత్రం మెల్లమెల్లగా పోయాయి. అసలు దెబ్బ సోవియట్ కాలంలో మొదలైంది. 1930ల చివర్లో మాస్కో వాస్తుశిల్పుల చేతుల మీదుగా ఒక నగర ప్రణాళిక తయారైంది. పాత ఊరిని వెనుకబాటుతనానికి గుర్తుగా చూసి, దాని గుండా వెడల్పాటి రాజమార్గాలు తీయాలన్నది అందులో ముఖ్యాంశం. నవాయీ వీధి అలాగే మట్టి ఇళ్ల మధ్యనుంచి దూసుకుపోయింది. యుద్ధంతో పనులు ఆగినా ఆలోచన ఆగలేదు. 1950ల చివర్లో నగరానికి నైరుతి వైపు చిలంజార్‌లో అపార్ట్‌మెంట్ పేటల నిర్మాణం మొదలైంది. ఈ తేదీని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. భూకంపం పుణ్యమా అని పుట్టిందని చెప్పే "కొత్త తాష్కెంట్" భూకంపానికి ఏడెనిమిదేళ్ల ముందే పుట్టింది.

ఇక మధ్యాహ్నం చూసే స్మారకం దగ్గరకు వద్దాం. నల్లరాతి దిమ్మ నడిమికి చీలి ఉంటుంది. దాని ఒక ముఖం మీద 1966 ఏప్రిల్ 26 తేదీ, మరో ముఖం మీద 5 గంటల 24 నిమిషాల దగ్గర ఆగిన గడియారం. ఆ చీలిక నేలమీదుగా పాకి, బిడ్డనెత్తుకున్న స్త్రీకి అడ్డుగా చేయి చాచి నిలబడ్డ పురుషుడి పాదాల దాకా వెళ్తుంది. 1976లో పెట్టిన ఈ విగ్రహం చూసినవాడి మనసును పట్టుకుంటుంది, అందులో సందేహం లేదు. అదే భూకంపాన్ని లెక్కల్లో చూద్దాం. తీవ్రత 5.2. అష్గాబాద్‌ది 7.3. ఈ కొలత ఒక్కో అంకె పెరిగేకొద్దీ విడుదలయ్యే శక్తి ముప్పై రెట్లు పైగా పెరుగుతుంది కాబట్టి, అష్గాబాద్ కింద విడుదలైన శక్తి తాష్కెంట్ కింద విడుదలైనదానికి వెయ్యి రెట్లకు పైమాటే. తాష్కెంట్ భూకంప కేంద్రం సరిగ్గా నగరం నడిబొడ్డు కింద, కొద్ది కిలోమీటర్ల లోతులోనే ఉండటంతో నష్టం దాని తీవ్రతకు మించి జరిగింది. అయినా మృతుల సంఖ్య అధికారిక లెక్కల్లో ఇరవై దాటలేదు. తెల్లవారకముందు, జనం ఇంకా ఇళ్లలో నిద్రలో ఉండగా, పది లక్షలు దాటిన జనాభా ఉన్న ఊళ్లో! అదే సమయంలో ఇల్లు కోల్పోయినవారి లెక్క చూస్తే 78 వేల కుటుంబాలు, మూడు లక్షలకు పైగా మనుషులు. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరంలోనే అసలు కథ ఉంది.

మనకు తాష్కెంట్ అనగానే అదే ఏడాది జనవరి గుర్తొస్తుంది. పదో తేదీన అయూబ్ ఖాన్‌తో ఒప్పందం మీద సంతకం, తెల్లవారకముందే లాల్ బహదూర్ శాస్త్రి గారి మరణం. భూకంపం వచ్చింది దానికి సరిగ్గా 105 రోజులకు. శాస్త్రి గారి పేరున ఇప్పుడక్కడ వీధి ఉంది, ప్రతిమ ఉంది. భారతీయ యాత్రికులను గైడ్లు తప్పకుండా అక్కడికి తీసుకెళ్తారు. ఆ ప్రతిమ ముందు నిలబడి నమస్కరించేవాళ్లు ఒక్క సంగతి తలచుకోవాలి. ఆయన కారులో వెళ్తూ చూసిన నగరం ఇప్పటి నగరం కాదు. నగరం నడుమ కష్గర్కా వంటి మట్టి ఇళ్ల పేటలు అప్పటికి ఇంకా ఉన్నాయి. ఏప్రిల్ తర్వాత కష్గర్కా అన్న పేటే లేదు.

మూడు లక్షల మందికి ఇళ్లు పోయి, ఇరవై మందిలోపు చనిపోవడం ఎలా సాధ్యం? కుదుపు అడ్డంగా కాక నిట్టనిలువుగా రావడం ఒక కారణమని నిపుణులు చెబుతారు. రెండోది ఇళ్ల తీరు. ఇక్కడి పాత ఇంటి గోడలో ముందు కర్రతో చట్రం కడతారు. నిలువు గుంజలు, వాటి మధ్య ఏటవాలు కర్రలు, ఆ సందుల్లో చేత్తో ఒత్తిన మట్టి ముద్దలు, పైన గడ్డి కలిపిన మట్టి పూత. దీనికి సించ్ అని పేరు. నేల ఊగితే చట్రం కూడా ఊగుతుంది, మట్టి రాలుతుంది, గోడ బీటలు తీస్తుంది, కానీ కప్పు నెత్తిన పడేముందు మనిషికి పరుగెత్తే వ్యవధి దొరుకుతుంది. అంటే చాలా ఇళ్లు పగుళ్లిచ్చాయి, కూలలేదు. పగిలిన ఇంటిని అతకాలా, తీసేయాలా అన్నది భూమి తేల్చే విషయం కాదు. అది తేల్చింది అధికారులు. సోవియట్ నేతలు బ్రెజ్నెవ్, కొసీగిన్ అదే రోజు విమానంలో దిగారు. సోవియట్ రిపబ్లిక్కులన్నిటినుంచీ నిర్మాణ దళాలు రైళ్లలో వచ్చాయి. ముప్పై ఏళ్లుగా కాగితం మీద నలుగుతున్న రాజమార్గాలకు, మైదానాలకు ఒక్కసారిగా స్థలం దొరికింది. నిలబడ్డ ఇళ్ల మీదకు కూడా బుల్డోజర్లు వెళ్లాయి.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది: పగిలిన మట్టి ఇంట్లో జనాన్ని ఉంచడం ఏ ప్రభుత్వానికి న్యాయం? తర్వాతి నెలల్లో, ఏళ్లలో వెయ్యికి పైగా ప్రకంపనలు వచ్చాయి. మరో పెద్ద కుదుపు రాదని ఎవరూ హామీ ఇవ్వలేని రోజులవి. ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ వేసవిలో గుడారాల్లో ఉన్న కుటుంబాలకు చలికాలం లోపు కప్పు కావాలి, అది సమకూర్చడం మామూలు పని కాదు. ఉక్రెయిన్‌నుంచో, లాత్వియానుంచో వచ్చి, తమకు తెలియని ఊరికి ఇళ్లు కట్టి వెళ్లిన కూలీలను, ఇంజనీర్లను తక్కువ చేసి మాట్లాడటం తప్పు. నేనంటున్నది ఆ సాయం గురించి కాదు. ప్రాణరక్షణకు తీసేయాల్సిన ఇల్లు ఒకటి, రాజమార్గానికి అడ్డొచ్చిన ఇల్లు మరొకటి. ఆ రెండిటినీ కలిపి "భూకంప నష్టం" అని ఒకే పద్దు కింద రాసుకున్నారన్నదే నా ఫిర్యాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మట్టి ఇళ్ల అందం బయటివాళ్ల మోజు, ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు కుళాయి, మరుగుదొడ్డి, వేడినీళ్లు కోరుకున్నారు, ఫ్లాట్ తాళంచెవి చేతికొచ్చిన రోజు పండగ చేసుకున్నారు అని. ఇదీ నిజమే. కానీ వేడినీళ్లు కోరుకున్నవాళ్లు వాకిలి వద్దనలేదు. మహల్లా అంటే ఇళ్ల గుంపు మాత్రమే కాదు, ఒక మసీదు, ఒక టీ దుకాణం, పెళ్లికీ చావుకీ పదిమందీ చేరే ఉమ్మడి బతుకు. అది నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటులో ఇమడదని కొన్నేళ్లకే వాస్తుశిల్పులకూ అర్థమైంది. దానికి సాక్ష్యంగా ఒక భవనమే ఉంది. "ముత్యం" అనే అర్థం వచ్చే జెమ్‌చుగ్ పేరుతో 1985లో కట్టిన పదహారు అంతస్తుల ఇల్లు. ఆర్కిటెక్ట్ ఒదెత్తా ఐదీనొవా ప్రతి మూడు అంతస్తులకూ ఒక ఉమ్మడి వాకిలి పెట్టింది. గాలిలో, ఎత్తున, పిల్లలు ఆడుకునే మహల్లా వాకిలి! కూల్చిన పంతొమ్మిదేళ్లకు, కూల్చినదాన్నే కాంక్రీటులో మళ్లీ కట్టడానికి చేసిన ప్రయత్నం అది. ఆ ప్రయోగం ఒక్క భవనంతోనే ఆగిపోవడం నాకు బాధ కలిగించే సంగతి. తాష్కెంట్‌కి వెళ్లే తెలుగువాళ్లు రోజులో ఓ గంట దానికి కేటాయించాలని కోరుకుంటాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ కొత్త పేటలన్నీ ఒకే అచ్చులో పోసిన పలకల ఇళ్లని చులకన చేయడం న్యాయం కాదు. కిటికీల్లేని పక్క గోడల మీద జార్‌స్కీ సోదరులు పరిచిన మొజాయిక్ చిత్రాలు చూడండి. లెనిన్ మ్యూజియం పేరుతో 1970లో కట్టి, ఇప్పుడు చరిత్ర మ్యూజియంగా ఉన్న భవనం చూడండి. ఎండను జల్లెడ పట్టే పాత ఇళ్ల జాలీలను కాంక్రీటులో అల్లి, మొత్తం భవనానికి తొడుగులా కప్పారు. 1977 నవంబరులో తొమ్మిది స్టేషన్లతో మొదలైన మెట్రో మధ్య ఆసియాలోనే మొదటిది. భూకంపాన్ని తట్టుకునేలా కట్టారు. ఒక స్టేషన్ పేరు పఖ్తాకోర్, అంటే పత్తి రైతు, గోడల నిండా పత్తికాయల మొజాయిక్. 1984లో తెరిచిన కాస్మొనాట్ల స్టేషన్ గోడలు నేల దగ్గర లేతగా మొదలై పైకి పోయేకొద్దీ ముదురు నీలంలోకి మారతాయి, భూమి వదిలి ఆకాశంలోకి వెళ్తున్నట్టు. గుండ్రటి ఫలకాల్లో గగారిన్, తెరెష్కోవా, వాళ్ల పక్కనే పదిహేనో శతాబ్దపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉలుగ్ బేగ్. 2018 దాకా అక్కడ ఫొటో తీయడం నిషేధం. కాబట్టి నా వాదన సోవియట్ తాష్కెంట్ వికారమైనదని కాదు. అది కూడా ఇప్పుడు కాపాడుకోవలసిన చరిత్రే.

ఆ చరిత్రకు ఏం జరిగిందో తెలుసుకోవడానికి అమీర్ తైమూర్ తోట కంటే మంచి చోటు లేదు. రష్యన్ల సూర్యకిరణ వీధులన్నీ కలిసేది ఇక్కడే. 1913లో ఇక్కడ కాఫ్‌మన్ విగ్రహం లేచింది. విప్లవం దాన్ని తీసేసింది. తర్వాతి కాలంలో స్టాలిన్ వచ్చాడు, పోయాడు. 1968లో కార్ల్ మార్క్స్ తల వచ్చింది. 1993లో గుర్రం మీద తైమూర్ వచ్చాడు. అక్కడికి దగ్గర్లోని లెనిన్ మైదానంలో 1974 నాటి పెద్ద లెనిన్ విగ్రహాన్ని 1992లో దించి, ఉజ్బెకిస్తాన్ పటం చెక్కిన గోళాన్ని పెట్టారు. భూమి కింద స్టేషన్లూ అలాగే పేర్లు మార్చుకున్నాయి: అక్టోబర్ విప్లవం స్టేషన్ అమీర్ తైమూర్ తోట అయింది, లెనిన్ స్క్వేర్ స్వాతంత్ర్య మైదానం అయింది. స్వతంత్ర దేశం తన వీరులను తాను ఎంచుకోవడం సహజమే, దాన్ని తప్పుపట్టను. కానీ తైమూర్ చుట్టూ ఉన్న చినార్ చెట్ల సంగతి వేరు. రష్యన్ల కాలంలో నాటిన ఆ చెట్లు కాఫ్‌మన్‌నూ, స్టాలిన్‌నూ, మార్క్స్‌నూ చూశాయి, 1966 కుదుపునూ తట్టుకున్నాయి. వేసవిలో నలభై డిగ్రీలు తాకే ఊళ్లో వాటి నీడన ముసలివాళ్లు చదరంగం ఆడేవారు. 2009 నవంబరులో వాటిని నరికేశారు. విగ్రహాన్ని తిరిగి పెట్టుకోవచ్చు, నూరేళ్ల చినార్‌ను తిరిగి తెచ్చుకోలేం.

తీసేసినది తిరిగొచ్చిన సందర్భం కూడా ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తాష్కెంట్‌కి అనాథలు రైళ్ల నిండా వచ్చారు. షా అహ్మద్ షమఖ్ముదొవ్ అనే కమ్మరి, ఆయన భార్య బహ్రీ పదిహేను మంది పిల్లలను పెంచుకున్నారు, వాళ్లు వేర్వేరు జాతులవాళ్లు. 1982లో ప్రజామైత్రి భవనం ముందు వాళ్ల కుటుంబ విగ్రహం పెట్టారు. 2008లో దాన్ని తీసి ఊరి చివరకు పంపారు, మెట్రో స్టేషన్‌కి ఉన్న ప్రజామైత్రి పేరూ మార్చారు. 2016లో అధ్యక్షుడు కరీమోవ్ మరణించాక విగ్రహమూ తిరిగొచ్చింది, పేరూ తిరిగొచ్చింది. అంటే తప్పు తెలుసుకుని దిద్దుకోవడం ఈ నగరానికి చేతగాని పని కాదు.

మూడో అభ్యంతరం మిగిలింది. ఏ నగరమైనా తనను తాను కూల్చుకుని కట్టుకుంటూనే ఉంటుంది, పారిస్ చేసిందీ అదే కదా, తాష్కెంట్‌నే ఎందుకు నిలదీయాలి? కూల్చడం గురించి అయితే ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. తేడా దాని చరిత్రను చెప్పుకునే తీరులో ఉంది. పారిస్‌లో రాజమార్గాలు తీసిన అధికారి పేరు బడిపిల్లలకూ తెలుసు. తాష్కెంట్‌లో ఆ చోట ఒక గడియారపు సమయం ఉంది. ప్రకృతి చేసిందంటే ఇక ఎవరినీ అడగడానికి ఉండదు. నగరం వయసు విషయంలోనూ ఇంతే. 1983లో తాష్కెంట్ 2000 ఏళ్ల ఉత్సవం జరిగింది. 2009లో 2200 ఏళ్ల ఉత్సవం జరిగింది. తవ్వకాల్లో పాత ఆనవాళ్లు దొరికితే వయసు పెరగడం శాస్త్రంలో మామూలే. కానీ 2200 ఏళ్ల పండగ చేసుకున్న ఏడాదే, అదే నగరం నూరేళ్ల చెట్లను నరికింది.

సాయంత్రం చూసే తాష్కెంట్ సిటీకి వచ్చేసరికి ఈ వాదన పాత చరిత్రగా మిగలదు. అద్దాల భవనాలు, చెరువు, సంగీతానికి ఆడే ఫౌంటెన్లు, పిల్లలతో వచ్చిన కుటుంబాలు, చల్లగాలి: హాయిగా ఉండే చోటు. 2017 దాకా ఇది అల్మజార్ మహల్లా. ద్రాక్ష పందిళ్లు, అరీక్ కాలువలు, చెక్క తలుపులు. 1966 తర్వాత కూడా నగరం నడిబొడ్డున మిగిలి ఉన్న కొద్దిపాటి పాత పేటల్లో ఒకటి. వ్యాపార కేంద్రం కోసం ఆ కుటుంబాలను ఖాళీ చేయించి, ఇళ్లు కూల్చారు. దాని పక్కనే 1982లో కట్టిన సినిమా భవనం దోమ్ కినోను కూడా 2018లో పడగొట్టారు. ఉజ్బెక్ మట్టి ఇల్లు, సోవియట్ కాంక్రీటు భవనం ఒకే పథకం కింద, ఒకే ఏడాది అటూ ఇటూగా పోయాయి. ఫౌంటెన్ల దగ్గర ఆ మహల్లా పేరు రాసిన పలక ఒకటి పెట్టవచ్చు, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఎన్ని ఇళ్లుండేవో, ఎప్పుడు తీశారో, ఎవరి ఆదేశం మీద తీశారో రాయవచ్చు. స్మారకం దగ్గరి గడియారానికి ఆ పలక జోడీ అవుతుంది.

(సశేషం)